ఇంటి పొగబండి – తొలిపరుగు ఎవరిది?

ఆటవస్తువులలో పెక్కులు కొనిన దినముననే సంపూర్ణములై యుండును. మీట నొక్కినంతనే విద్యుత్తుచే పరుగిడు రైలుబండి యట్టిది. ఆవిరిచే నడచు చిన్న ఇంజను అట్టిది కాదు. పెట్టెలోనుండి వెలికి వచ్చిన వేళ అది యింకను బండి కాలేదు; ఇత్తడియు, రాగియు, ఇనుమును మాత్రమే. ఎంత నీరు పోయవలెను, ఎంత స్పిరిటు పోయవలెను, నూనె యెక్కడ వేయవలెను, పట్టాలు ఎంత మట్టముగా నుండవలెను అను సంగతులు తెలిసిన పిమ్మటనే అది బండి యగును. వీనిని తెలిసికొనుటకై మెల్లగా, కాగితముపై వ్రాసికొనుచు, చేయు పరుగునకు పరీక్షాపరుగని పేరు. ఈ పరుగును ఎవరు నడపవలెను, ఎవరి యెదుట నడపవలెను అను విషయమున మాకు గట్టి అభిప్రాయము గలదు. తల్లిదండ్రులలో అనేకులు దీనికి సమ్మతింపరని యెరిగియే వ్రాయుచున్నాము.

ఇట్టి ఇంజనులు మన నగరపు బజారులలో అరుదుగా దొరకును. మా విద్యార్థుల యిండ్లకు వచ్చిన రెండు మూడును బంధువులు విదేశములనుండి తెచ్చినవే. అంత దూరమునుండి వచ్చిన వస్తువు గనుక దానికి మర్యాద యెక్కువ. పుట్టినరోజు వచ్చువరకో, పండుగ వచ్చువరకో పెట్టె విప్పరు. ఆనాడు చుట్టములందరు కూడిన పిదప తండ్రిగారో మేనమామగారో స్వహస్తముతో దీపము వెలిగింతురు. ఎవరికొరకు ఆ బండి వచ్చినదో ఆ బాలుడు చేతులు కట్టుకొని ప్రక్కన నిలుచును. బండి నడచినచో చప్పట్లు. నడువనిచో ‘పనికిరాని సరుకు’ అను తీర్పు. రెండు విధములను బాలుడు నేర్చుకొనినది లేదు.

ఈ పద్ధతిని మేము ఒప్పుకొనము. తొలిపరుగు జనులు లేని వేళ జరుగవలెను. దానిని ఆ బాలుడో, ఆ బాలికయో నడపవలెను. పెద్దవారొకరు ప్రక్కనుండి కనిపెట్టవలెనే గాని చేయి పెట్టరాదు. చుట్టములను పిలుచుట అయిదవ పరుగునకో ఆరవ పరుగునకో.

చరిత్రలో ఇందులకు గొప్ప నిదర్శనము గలదు. 1829వ సంవత్సరము అక్టోబరు మాసమున ఇంగ్లండులో, లివర్‌పూలు నుండి మాంచెస్టరునకు వేయుచుండిన ఇనుపదారిపై, రెయిన్‌హిల్లు అనుచోట ఆవిరి ఇంజనులకు పోటీ పెట్టిరి. బహుమానము 500 పౌనులు. సుమారు ఒకటిముప్పావు మైలు దారిపై ముందునకును వెనుకకును తిరుగుచు మొత్తముమీద దాదాపు 70 మైళ్లు నడువవలెను. చూడవచ్చిన వేలకొలది జనులకు మిక్కిలి నచ్చినది బ్రైత్‌వెయిటు, ఎరిక్సన్ అనువారు లండనులో నిర్మించిన ‘నావెల్టీ’ అను తేలికబండి. చూపునకు అందమైనది, పరుగున వడిగలది. అయితే దానిని త్వరత్వరగా కట్టిరి. కట్టిన పిదప నడిపి చూచుకొనుటకు ఆనాటి లండనులో ఇనుపదారియే లేదు. జనులందరి యెదుట నడచినదే దాని తొలిపరుగు. ఒకటి వెనుక నొకటిగా భాగములు చెడి అది పోటీనుండి తొలగవలసి వచ్చెను. స్టీఫెన్‌సన్‌గారి ‘రాకెట్టు’ను మాత్రము న్యూకాజిలులో కట్టిన పిదప కిల్లింగ్‌వర్తు బొగ్గుగనుల దారిపై నడిపి, లోపములు చూచి, మరల విప్పి రెయిన్‌హిల్లునకు పంపిరి. నియమించిన దూరమంతయు నడచినది అదియొక్కటియే. నావెల్టీని కట్టినవారు తెలివితక్కువవారు కారు. ఎరిక్సనుగారు తరువాతి కాలమున లోకప్రసిద్ధుడైన యంత్రశిల్పి యాయెను. ఆ బండికి లేనిదెల్ల ఎవరును చూడని కొన్ని దినములే.

ఇంగ్లండు కథ మనకేల యనువారికి ఒక మాట. పత్తర్‌గట్టి వారికి రైలు పరాయి సంగతి కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘమువారు కట్టించిన రాతికమానుల వీథి మన పత్తర్‌గట్టి. దానిని ఆనుకొనియే సాలార్‌జంగువారి దివాను దేవిడీ యుండెను. ఆ యింటి మొదటి సాలార్‌జంగుగారు దివానుగా నుండగనే, 1874లో, వాడీనుండి సికిందరాబాదునకు తొలిరైలు నడచినది. ఆయన జన్మించినది 1829లోనే, అనగా రెయిన్‌హిల్లు పోటీ జరిగిన సంవత్సరముననే యని మా విద్యార్థులకు చెప్పినప్పుడు వారు తేదీలను మరువరు. నాంపల్లి స్టేషను 1907లోను, కాచిగూడ స్టేషను 1916లోను వచ్చినవి. ఈ తాతలకాలపు బండ్లన్నియు ఆవిరివే. మన దేశమున పెద్దపట్టాలపై నిత్యప్రయాణములకు ఆవిరి ఇంజనులు 1995తో ముగిసినవి. దార్జిలింగు, నీలగిరి కొండదారులలో మాత్రము కొన్ని నేటికిని నడచుచున్నవి. మేము చిన్ననాట ప్లాటుఫారముపై ఆ నల్లని ఇంజనునకు జడిసి అమ్మ కొంగు పట్టుకొని నిలిచినవారము. మా విద్యార్థులకు ఆ భాగ్యము లేదు. నీరు ఎట్లు బలమై చక్రమును త్రిప్పునో కన్నులార చూచుటకు వారికి మిగిలినది ఇంటిలోని ఈ చిన్నబండియే. దానిని కూడ దూరమునుండి చూడుమనుట న్యాయమా?

ఇక మేము చూచిన సంగతి. మా తొమ్మిదవ తరగతి విద్యార్థియొకడును, ఏడవ తరగతి చదువు వాని చెల్లెలును పత్తర్‌గట్టి వెనుక సందులో, బట్టల దుకాణముపై మేడలో నుందురు. వారి యింట పుట్టినరోజు విందున వెలిగించిన ఇంజను వేడినీరు చిమ్మి, తివాచిపై స్పిరిటు ఒలికించి, సగము చుట్టుకే నిలిచిపోయెను. ఎవరికిని దెబ్బ తగులలేదు గాని, మరునాడే అది బీరువాలోనికి పోయెను, తాళమును పడెను. తండ్రిగారు మమ్ము చూచి, “సారూ, నిప్పుతో ఆట పిల్లలకు తగునా? మీరే చెప్పండి” అనిరి. మేము నాలుగు సాయంకాలములు అడిగితిమి. ఇష్టము లేకయే ఇచ్చిరి.

మొదటి సాయంకాలము నిప్పు లేదు. పిల్లలిద్దరు చక్రములను చేతితో త్రిప్పి ఎక్కడ పట్టుచున్నదో చూచిరి, ఇరుసులకు నూనె వేసిరి, రక్షణకవాటము స్వేచ్ఛగా లేచి పడుచున్నదా యని వ్రేలితో ఎత్తి చూచిరి. పిదప అన్న సైకిలుపంపుతో గాలి కొట్టగా చెల్లెలు చెవి యొగ్గి, గాలి ఏ కీలునుండి తప్పించుకొనుచున్నదో విని చెప్పెను. తండ్రిగారు రెండుసార్లు వచ్చి, ఇంకను వెలిగింపలేదా యని అడిగి పోయిరి.

రెండవ సాయంకాలము ఇంజనును రెండు ఇటుకలపై నిలిపి, చక్రములు నేల తగులకుండ వెలిగించిరి. నీరు కాగుటకు 7 నిమిషములు పట్టెను. కాగినంతనే మొదట వచ్చినది ఆవిరి కాదు, పొగగొట్టమునుండి వేడినీరు. విందునాడు తివాచిని పాడుచేసినది ఇదియే. ఇది లోపము కాదు. చిన్న ఇంజనుయొక్క స్వభావము. దీనికి కారణము లెక్కలలోనే యున్నది. ఒక ఇంజనును అన్ని కొలతలలోను ముప్పదవ వంతునకు తగ్గించినచో దాని పైభాగపు వైశాల్యము 900వ వంతగును, లోపలి ఘనపరిమాణము 27,000వ వంతగును. అనగా లోపలి ఆవిరికి చల్లారు తావు పెద్ద ఇంజనులో కంటె ముప్పది రెట్లు ఎక్కువ. చల్లని సిలిండరులో ప్రవేశించిన ఆవిరి వెంటనే నీరై కూర్చుండును. చక్రములను మెల్లగా ముందునకు వెనుకకు నాలుగైదుసార్లు త్రిప్పి ఆ నీటిని వెడలగొట్టి, సిలిండరు వేడెక్కిన పిదప వదలిపెట్టవలెను. పొగగొట్టముపై గుడ్డ కప్పవలెను. తొమ్మిదవ తరగతి పుస్తకములోని వైశాల్య ఘనపరిమాణముల పాఠము ఆ బాలునికి ఆ సాయంకాలమువరకు మార్కుల కొరకైన పాఠము.

ఆ దినముననే ఒక చిన్న వివాదము పుట్టెను. చక్రములు 12 నిమిషములు తిరిగి దీపము ఆరెను. తండ్రిగారు, స్పిరిటు ఇంకొంచెము పోసినచో ఇంకను తిరుగును గదా యనిరి. చెల్లెలు ఒప్పుకొనలేదు. బాయిలరులో మిగిలిన నీటిని మందుగిన్నెతో కొలిచి, “నాన్నా, మూడు కొలతలే మిగిలినవి, దీపము ముందు ఆరవలెను, నీరు తరువాత అయిపోవలెను” అనెను. ఇది ఆవిరియంత్రపు ధర్మములలో మొదటిది. నీరున్నంతవరకు బాయిలరు రేకు నీటి వేడిని మించదు; నీరు ఇంకిపోయిన పిదప మంట నేరుగా లోహమును కాల్చును. సీసము, తగరము కలిపిన సామాన్యపు టంకము సుమారు 183 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరగనారంభించును. కావున స్పిరిటును నీటికి తగినట్లు కొలిచి పోయవలెను, ఎన్నడును ఎక్కువ పోయరాదు. ఆ కొలత ఏ పుస్తకములోను దొరకదు. ప్రతి ఇంజనునకును వేరుగా కనుగొనవలసినదే.

మూడవ సాయంకాలము మిద్దెమీద పలకలపై పరచిన పట్టాలపైకి ఇంజను దిగెను. ఎనిమిది అడుగుల వ్యాసముగల చుట్టు. రెండు చుట్లు తిరిగి ఒక మూల నిలిచెను. త్రోసిన మరల తిరిగి అదే మూల నిలిచెను. ఆవిరి చాలలేదని తండ్రిగారి తీర్పు. పట్టాలు మురికిగా నున్నవని అన్న తీర్పు. చెల్లెలు జేబులోని గోలీని పలకమీద పెట్టెను. అది తానే దొర్లి పోయెను. వాననీరు తూమునకు పోవుటకై మిద్దెలన్నిటికిని వాలు పెట్టుదురని మేస్త్రీలెరుగుదురు. ఆ యెనిమిది అడుగులలో వాలు సుమారు ఒక అంగుళము, అనగా దాదాపు నూటికి ఒకటి. నిజమైన రైలుదారిలోను ఇది లెక్కింపదగిన ఎత్తే. బొంబాయి పూనాల నడుమ భోర్ ఘాటు వంటి పేరుపడిన కొండదారియే ముప్పదియేడింటికి ఒకటి. రసమట్టము తెచ్చి, పలకల క్రింద పెంకుముక్కలు పెట్టి మట్టము చేసిన పిదప ఇంజను తొమ్మిది చుట్లు ఆగక తిరిగెను. ఆ గోలీ విలువ ఎంతయో మేము వేరుగ చెప్పనక్కరలేదు. విందునాడు చుట్టములనడుమ ఆ పిల్ల జేబునుండి గోలీ తీయగలిగి యుండునా?

నాలుగవ సాయంకాలము మూడు పెట్టెలు తగిలించి నడిపిరి. ఆనాడు చేతులు కట్టుకొని చూచినవారు తండ్రిగారు.

ఆయన ప్రశ్న మాత్రము చిన్నది కాదు. పిల్లల చేతికి నిప్పు ఇయ్యవచ్చునా? మా యుత్తరము ఆ యింటి వంటగదిలోనే దొరకినది. ప్రతి యింటిలోను ఒక బాయిలరు దినదినము కాగుచునే యున్నది. దానిని మనము కుక్కరని పిలుచుచున్నాము. అందులో పీడనము బయటిగాలికంటె చదరపు అంగుళమునకు సుమారు 15 పౌనులు ఎక్కువ. నీరు 120 డిగ్రీల వరకు వేడెక్కును. చిన్నతరహా ఆటయింజనులు పెక్కింటి పీడనమును దీనికి దగ్గరగనే యుండును. కుక్కరునకు మూతపై బరువున్నది, అది అడ్డుపడినచో కరగి దారి విడుచు రక్షణకవాటమును ఉన్నది. ఈ రెండింటికి మూలపురుషుడు ఒక్కడే. 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి పండితుడు ఎముకలను మెత్తగ ఉడికించు మూతబిగించిన పాత్రను చేసి, అది పగులకుండుటకై దానికి రక్షణకవాటమును అమర్చెను. పిదప ఆవిరితో పిస్టను కదల్చు యంత్రమును ఊహించినవాడును ఆయనయే. ఆ తల్లిగారు ఈ మాట విని, “మా అమ్మాయి పన్నెండేండ్లది, కుక్కరు పెట్టి దించుట దానికి చేతనగును; ఈ బండికేమి భయము?” అనిరి. నిప్పు వలన అపాయము లేదని మేము చెప్పము. చూచి నేర్చిన బాలునికంటె చేసి నేర్చిన బాలునికి అపాయము తక్కువ యని మాత్రము చెప్పుదుము. తండ్రి వెలిగించినప్పుడు మాత్రమే చూచిన బాలుడు తండ్రి ఇంటలేని మధ్యాహ్నమున వెలిగించును. ఆ మధ్యాహ్నమే మాకు భయము.

బాలునికి అప్పగింపుమన్నంత మాత్రమున అన్నియు వాని యిష్టమునకు విడువుమని కాదు. కొన్నిటిలో మేము తండ్రులకంటె కఠినులము. వేగము కొరకు రక్షణకవాటపు స్ప్రింగును బిగించిన బాలుని చేతినుండి ఇంజనును ఆ క్షణముననే తీసికొనవలెను. మరల ఇచ్చుట గురించి నెల దినములు ఆలోచింపవచ్చును. వేడిగానున్న దీపములో స్పిరిటు పోయరాదు. ఎండలో వెలిగింపరాదు, ఏలయనగా పగటి వెలుగున స్పిరిటుమంట కంటికి దాదాపు కానరాదు, ఆరినదనుకొని చేయి పెట్టుదురు. మేము సాయంకాలములు కోరినది ఇందులకే. తడిపిన మందపు గుడ్డ చేతికందు దూరమున నుండవలెను. నూలు బట్టలు కట్టుకొనవలెను, వ్రేలాడు చున్నీలను ముడివేసికొనవలెను. బోరుబావినీరు వాడరాదు, మన నగరపు బోరునీటిలో ఖనిజములు హెచ్చు, కెటిలు అడుగున పట్టు తెల్లని పొక్కు బాయిలరులోను పట్టును. వడగట్టిన వాననీరో, బట్టిపట్టిన నీరో పోయవలెను. కుట్టుమిషను నూనె ఇరుసులకు సరిపోవును గాని సిలిండరునకు చాలదు. ఆవిరి వేడికి అది నిలువదు, దానికి చిక్కని స్టీమునూనె వేరుగ నున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది పాత ఇంజనుల విషయము. ఎవరో వాడి విడిచినదానిని నీటిపరీక్ష లేక వెలిగింపరాదు. బాయిలరును గాలిలేకుండ పూర్తిగా చల్లనినీటితో నింపి, చేతిపంపుతో అది పనిచేయు పీడనమునకు రెట్టింపువరకు ఒత్తి, కొంతసేపు అట్లే నిలిపి చూచుటయే నీటిపరీక్ష. చల్లనినీరు ఒత్తిడికి ముడుచుకొనదు గనుక రేకు పగిలినను నాలుగు చుక్కలు కారి ఊరకుండును. అదే రేకు ఆవిరిపై పగిలినచో, ఒక పాలు నీరు 1,600 పాళ్లకు పైగా ఆవిరియై ఒక్కసారిగ విరుచుకొనిపడును. ఇంత తేడా గల రెండు పరీక్షలలో మొదటిది వదలి రెండవది చేయుట చుట్టములకు ఆనందము గూర్చుటకై యైనచో, ఆ ఆనందము మాకు వలదు.

మరియొక మాట మా ఉపాధ్యాయులకే. మన పాఠశాలలలో పదవతరగతి ప్రయోగపు నోటుపుస్తకములు ఎట్లు తయారగునో అందరెరుగుదుము. గతసంవత్సరపు విద్యార్థి పుస్తకము ఈ సంవత్సరపు విద్యార్థి చేతికి వచ్చును. అంకెలతోను, తప్పులతోను కూడ అట్లే దిగును. సంతకము పెట్టువారికిని తెలియును. పైని చెప్పిన అన్నచెల్లెండ్ర పుస్తకమును మేము చూచితిమి. అందు నాలుగు పుటలు. నూనెమరక, కొట్టివేసిన అంకెలు, “మూల దగ్గర ఆగెను, ఎందుకు?” అని ఒక పంక్తి, దాని క్రింద మరునాటి సిరాతో “వాలు” అను ఒక్క మాట. దానిని చూచి వ్రాయుట ఎవరికిని సాధ్యము కాదు. వేరొక మిద్దెకు వేరొక వాలు. మా చేతిలో నున్నయెడల ప్రయోగపరీక్షలో ఆ నాలుగు పుటలకు మార్కులు వేసియుందుము. నియమములు ఒప్పుకొనవని మాకు చెప్పిరి. నియమములను మార్చుమని అడుగుటకు ఈ పత్రికయు ఒక చోటే గనుక అడుగుచున్నాము.

ఆ యింటి తండ్రిగారు మాతో పూర్తిగా ఏకీభవించిరని వ్రాయలేము. ఇంజను నేటికిని బీరువాలోనే యున్నది, తాళమును ఉన్నది. తాళపుచెవి మాత్రము చెల్లెలి దగ్గర ఉన్నది. స్పిరిటుసీసా తండ్రిగారి దగ్గర ఉన్నది. ఇద్దరును ఇంట నుండగనే బండి కదలును. ఈ యేర్పాటు ఆయన చేసినదే. మా సలహాకంటె మంచిదని ఒప్పుకొనుచున్నాము.

ఇట్టి ఇంజనులు ఇంటగల తల్లిదండ్రులు నీటిపరీక్ష నిమిత్తము వానిని మా విజ్ఞానశాలకు తేవచ్చును. చేతిపంపును, పీడనమాపకమును మావద్ద ఉన్నవి. శనివారములు మధ్యాహ్నము 2 గంటలనుండి 4 గంటలవరకు మేము అక్కడ నుందుము. బాయిలరు ఖాళీగా నుండవలెను, స్పిరిటు తేరాదు, ఇంజను ఎవరిదో ఆ బాలుడో బాలికయో తప్పక వెంట రావలెను.